ఓకోటోక్స్: నది ఎంత ఇస్తే ఊరు అంత

కెనడాలోని కాల్గరీ నగరం నుంచి దక్షిణంగా కారులో వెళ్తుంటే, చివరి కాలనీలు దాటగానే పొలాలు, గడ్డి మైదానాలు మొదలవుతాయి. ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు పోతే రోడ్డు ఒక నది లోయలోకి దిగుతుంది. ఆ లోయలోనూ, దానికి అటూ ఇటూ ఉన్న మిట్టల మీదా పరుచుకున్న ఊరే ఓకోటోక్స్. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది 30,405 మంది. వాళ్లలో చాలామంది పొద్దున్నే కారెక్కి కాల్గరీకి ఉద్యోగాలకు వెళ్తారు, చీకటి పడేవేళకు తిరిగొస్తారు. ఇలాంటి ఊళ్లను అక్కడివాళ్లు బెడ్‌రూమ్ కమ్యూనిటీ అంటారు. రాత్రి పడుకోవడానికి తప్ప ఇంకెందుకూ కాని ఊరు అన్న చిన్నచూపు ఆ మాటలో కొంత ఉంది. ఓకోటోక్స్ కథ తెలిసినవాళ్లకు ఆ చిన్నచూపు ఉండదు.

ఈ ఊరు 1998లో చాలా అరుదైన పని ఒకటి చేసింది. మహానగరం పక్కన ఉన్న ఊళ్లు సాధారణంగా ఎంత వీలైతే అంత పెరగాలనే చూస్తాయి. కొత్త ఇళ్లు వస్తే పన్నులొస్తాయి, దుకాణాలొస్తాయి, పేరొస్తుంది. ఓకోటోక్స్ మాత్రం తాను 30,000 మంది దగ్గర ఆగిపోతానని తన అభివృద్ధి ప్రణాళికలోనే రాసుకుంది. ఊరి మధ్య నుంచి పారే షీప్ నది అంతకంటే ఎక్కువ మందిని పోషించలేదన్నది కారణం. పద్నాలుగేళ్లు తిరిగేసరికి, 2012లో, టౌన్ కౌన్సిల్ ఆ పరిమితిని ఎత్తేసింది. ఈలోపు నదిలో నీళ్లేమీ పెరగలేదు. మరి ఏం మారింది? దీనికి జవాబు ఒక్క మాటలో రాదు. భూగోళం, చట్టం, కాల్గరీ పెరిగిన తీరు మూడూ ఇందులో ముడిపడి ఉన్నాయి. ఆ ముడి విప్పాలంటే ముందు ఊరికి పేరిచ్చిన రాయి దగ్గరికి వెళ్లాలి.

రాయి, రేవు

ఊరికి పడమటగా కొన్ని కిలోమీటర్ల దూరంలో, 7వ నంబరు హైవే పక్కన, చదునైన పొలాల మధ్య ఒక పెద్ద బండ ఉంది. దాని బరువు దాదాపు 16,500 టన్నులు. పొడవు నలభై మీటర్ల పైమాటే, ఎత్తు సుమారు తొమ్మిది మీటర్లు. చుట్టుపక్కల ఎక్కడా అలాంటి రాయి కనిపించదు. అది కాలిపోయిన కొండలాగానో, కూలిపోయిన కోటలాగానో ఒంటరిగా నిలబడి ఉంటుంది. అక్కడి ఆదివాసులైన బ్లాక్‌ఫుట్ ప్రజల భాషలో రాయి అనే అర్థం వచ్చే మాట నుంచే ఓకోటోక్స్ అన్న పేరు పుట్టింది.

ఆ రాయి అక్కడికెలా వచ్చిందో బ్లాక్‌ఫుట్ ప్రజలు ఒక కథ చెబుతారు. నాపి అనే ఆదిపురుషుడు ఒక ఎండపూట ఆ రాయి మీద సేదదీరి, తన కంబళిని దానికి కానుకగా ఇచ్చాడు. కాసేపటికి వాతావరణం మారి చలి పుట్టింది. కంబళి తిరిగిమ్మన్నాడు, రాయి ఇవ్వనంది. నాపి కోపంతో లాక్కుని నడక సాగించాడు. వెనక పెద్ద చప్పుడు వినిపించి తిరిగి చూస్తే రాయి దొర్లుకుంటూ తరుముకొస్తోంది. జింకలు, బైసన్ దున్నలు, మైదానపు లేళ్లు అడ్డం పడ్డాయి. రాయి వాటి మీదుగానే దొర్లింది. చివరికి గబ్బిలాలు దాన్ని పదేపదే ఢీకొట్టాయి. ఒక గబ్బిలం దెబ్బ సరైన చోట తగిలి రాయి రెండుగా పగిలి ఆగిపోయింది. నిజంగానే ఆ బండ మధ్యలో పెద్ద చీలిక ఉంది.

భూగర్భ శాస్త్రం చెప్పేదాంట్లో కూడా ఈ రాయి ప్రయాణం చేసిందే. ఇది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఉత్తరాన జాస్పర్ ప్రాంతపు రాకీ పర్వతాల్లో యాభై కోట్ల సంవత్సరాలకు ముందు ఏర్పడిన శిల. మంచుయుగం చివర్లో అక్కడ ఒక కొండచరియ విరిగి హిమానీనదం మీద పడింది. ఆ మంచు తూర్పుగా మైదానంలోకి దిగుతుంటే అటు నుంచి ఇంకో మహా మంచుపలక ఎదురొచ్చింది. రెండూ ఒరుసుకోవడంతో పర్వతాల మంచు దక్షిణానికి మళ్లి, కొండల అంచు వెంటే జారింది. సుమారు 15 వేల ఏళ్ల క్రితం మంచు కరిగిపోయాక, అది మోసుకొచ్చిన రాళ్లు అలా వరసగా మిగిలిపోయాయి. దాదాపు 600 కిలోమీటర్ల పొడవున్న ఆ వరసలో అన్నిటికంటే పెద్దది ఈ ఓకోటోక్స్ రాయి. మంచు అడుగున నలగకుండా పైన కూర్చుని వచ్చింది కాబట్టే దాని అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. 1978లో అల్బెర్టా ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం దీన్ని చారిత్రక స్థలంగా ప్రకటించింది. దాని మీద పాతకాలపు ఎర్రరంగు బొమ్మలున్నాయి, అందుకే ఎక్కవద్దని చెబుతారు.

చదునైన మైదానంలో ప్రయాణించేవాళ్లకు ఇంతకంటే మంచి గుర్తు ఏముంటుంది? షీప్ నదిని ఎక్కడ దాటాలో తెలుసుకోవడానికి అక్కడి ఆదివాసులు ఈ రాయినే ఆనవాలుగా పెట్టుకున్నారు. నది లోతు తక్కువగా ఉండే ఆ రేవే తర్వాత ఊరైంది. 1874లో అక్కడొక వర్తక కేంద్రం వెలిసింది. అమెరికాలోని ఫోర్ట్ బెంటన్ నుంచి కాల్గరీ దాకా సరుకు మోసిన మెక్‌లాయిడ్ ట్రెయిల్ అనే బండ్ల బాట ఈ రేవు మీదుగానే సాగేది. 1877లో బ్లాక్‌ఫుట్ సమాఖ్యతో, పొరుగు తెగలతో కెనడా ప్రభుత్వం ఏడవ నంబరు ఒప్పందం కుదుర్చుకుంది. రెండేళ్లకే ఈ ప్రాంతంలో బైసన్ మందలు అంతరించాయి. తిండికి, బట్టకు, గుడారానికి వాటి మీదే బతికిన ప్రజలు తమకు కేటాయించిన రిజర్వు భూముల్లో ప్రభుత్వ రేషన్‌కు ఎదురుచూడాల్సిన స్థితికి వచ్చారు. అదే మైదానాన్ని ప్రభుత్వం ఎకరానికి ఏడాదికి ఒక్క సెంటు లెక్కన పశువుల వ్యాపారులకు కౌలుకిచ్చింది. ఊరి స్థాపన గురించి చెప్పుకునేటప్పుడు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడడం న్యాయం.

గుర్రపు బండ్లు ఆగే మజిలీగా ఉన్న రేవు, 1890ల మొదట్లో కాల్గరీ నుంచి మెక్‌లాయిడ్ వైపు రైలు మార్గం పడడంతో స్టేషనైంది. పేరు రెండు మూడుసార్లు మారి చివరికి ఓకోటోక్స్‌గా స్థిరపడింది. 1904లో టౌన్ హోదా వచ్చింది. అప్పట్లో ఇది పక్క నగరం మీద ఆధారపడిన ఊరు కాదు. పడమటి కొండల్లో నరికిన దుంగలు షీప్ నదిలో తేలుతూ వచ్చేవి. ఊళ్లోని కోత మిల్లులో వంద మందికి పైగా పనిచేసేవారు. నాలుగు ఇటుక బట్టీలు నడిచేవి. కలప వ్యాపారం 1916లో ఆగిపోయింది. అంతకు రెండేళ్ల ముందే, 1914 మేలో, పడమటగా ఉన్న టర్నర్ వ్యాలీలో చమురు పడింది. ఆ చమురు క్షేత్రానికి సరుకూ మనుషులూ వెళ్లే రైలు స్టేషన్లలో ఓకోటోక్స్ ముఖ్యమైనదిగా ఉండిపోయింది. 1960ల నాటికి ఆ సందడి కూడా తగ్గింది. తర్వాత కొంతకాలం ఇది చుట్టుపక్కల రైతులు సరుకులు కొనుక్కునే చిన్న ఊరు, అంతే.

కాల్గరీ నీడ

పెద్ద నగరం చుట్టూ శివారు పట్టణాలు ఒకదానికొకటి అంటుకుని పెరగడం మనం చూస్తూనే ఉంటాం. కాల్గరీ చుట్టూ అలా జరగలేదు. నగరం, శివార్లు కలిసి ఒకే స్థానిక ప్రభుత్వం కింద ఉండాలని 1956లో ప్రావిన్స్ ప్రభుత్వం వేసిన మెక్‌నాలీ కమిషన్ సిఫార్సు చేసింది. 1960ల మొదట్లో ఫారెస్ట్ లాన్, మాంట్‌గొమరీ, బౌనెస్ లాంటి పక్క ఊళ్లను కాల్గరీ తనలో కలిపేసుకుంది. దాంతో నగరం అంచున విడి శివారు పట్టణమన్నదే మిగల్లేదు. ఉద్యోగం కాల్గరీలో, ఇల్లు మాత్రం ఇంకో పాలనలో ఉన్న చిన్న ఊళ్లో కావాలనుకునేవాళ్లు పొలాలు దాటి వెళ్లాల్సిందే. ఉత్తరాన ఎయిర్‌డ్రీ, పడమట కోక్రెన్, తూర్పున చెస్టర్‌మియర్, దక్షిణాన ఓకోటోక్స్ అలా పెరిగినవే.

పెరిగిన వేగం చూడండి. 1996లో జనాభా ఎనిమిదిన్నర వేలు. 2001లో పదకొండున్నర వేలు దాటింది. 2006లో 17 వేలు, 2011లో ఇరవై నాలుగున్నర వేలు. పదిహేనేళ్లలో ఊరు దాదాపు మూడింతలైంది. పాత మెక్‌లాయిడ్ ట్రెయిల్ దారే ఇప్పుడు వాళ్ల రోజువారీ దారి. కాల్గరీలో ఆ రోడ్డుకు నేటికీ అదే పేరు. గుర్రపు బండి ఆగిన చోట కార్లు బారులు తీరుతున్నాయి. పాత రైల్వే స్టేషన్ భవనంలో ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ నడుస్తోంది, ప్రయాణికుల రైలు లేదు. చుట్టుపక్కల ఊళ్లను కలుపుతూ కాల్గరీ లోకల్ రైలు దాకా 2016లో ప్రయోగాత్మకంగా ఒక బస్సు సర్వీసు మొదలుపెట్టారు. అది రెండేళ్లకే ఆగిపోయింది. ఊరి లోపల మాత్రం 2019 నుంచి ఫోన్‌లో బుక్ చేస్తే వచ్చే చిన్న బస్సులున్నాయి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. ఇంతమంది కాల్గరీకి వెళ్లి వస్తున్నా, జనాభా లెక్కల శాఖ గీసిన కాల్గరీ మహానగర ప్రాంతంలో ఓకోటోక్స్ లేదు. ఎయిర్‌డ్రీ, కోక్రెన్, చెస్టర్‌మియర్ ఉన్నాయి. ఓకోటోక్స్‌ను విడి పట్టణ ప్రాంతంగా లెక్కిస్తారు. కాల్గరీ జనాభా ఎంత అని వెతికితే కనిపించే పెద్ద అంకెలో ఈ ముప్పై వేల మంది లేరన్నమాట. గీత ఎక్కడ గీస్తామన్న దాన్ని బట్టి ఒకే ఊరు శివారుగానూ, స్వతంత్ర పట్టణంగానూ కనిపిస్తుంది. నీళ్ల విషయంలో మాత్రం ఓకోటోక్స్ ఎప్పుడూ విడిగానే ఉంది. ఎయిర్‌డ్రీ, చెస్టర్‌మియర్ కాల్గరీ నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు తాగుతాయి. ఓకోటోక్స్ తన నదినే నమ్ముకుంది.

నీటికి పుట్టిన తేదీ

షీప్ నది రాకీ పర్వతాల్లో పుట్టి, ఓకోటోక్స్ దాటాక హైవుడ్ నదిలో కలుస్తుంది. హైవుడ్ వెళ్లి బో నదిలో కలుస్తుంది. కాల్గరీ గుండా పారేది ఆ బో నదే. పర్వతాలకు ఇవతల వాన నీడలో ఉన్న నేల ఇది. ఏడాదికి పడేది నాలుగు వందల మిల్లీమీటర్ల పైచిలుకు. నదికి నీళ్లిచ్చేది ముఖ్యంగా కొండల మీద కరిగే మంచు. మే, జూన్ నెలల్లో మంచు కరుగుతూ, పైన వానలు కూడా తోడైతే నది ఉరకలేస్తుంది. 2013 జూన్ వరదల్లో దక్షిణాన ఉన్న హై రివర్ పట్టణం మొత్తాన్నీ ఖాళీ చేయించాల్సి వచ్చింది. అదే నదులు వేసవి చివర్లో, చలికాలంలో సన్నగా పారతాయి. ఊరు ఎంత పెద్దదై ఉండొచ్చో నిర్ణయించేది జూన్ నాటి వరద కాదు, ఆ సన్నని ధార. తాగడానికి తీసుకునే నీళ్లు ఒక ఎత్తయితే, ఊరి మురుగును శుద్ధి చేసి తిరిగి అదే నదిలోకి వదలాలి కదా. దాన్ని కలుపుకుని పలచబరచడానికి కూడా నదిలో నీళ్లుండాలి. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు.

ఊరు నీళ్లు తీసుకునేది నది ఒడ్డున ఉన్న లోతు తక్కువ బావుల నుంచి. ఇసుక, గులకరాళ్ల పొరల్లోకి నది నీరు ఇంకి, అక్కడి నుంచి బావుల్లోకి ఊరుతుంది. పేరుకు భూగర్భజలమే అయినా, నదికీ బావికీ మధ్య అడ్డేమీ లేదు. అందుకే చట్టం దృష్టిలో కూడా అది నది నీరే.

అసలు చిక్కు ఆ చట్టంలోనే ఉంది. 1894లో కెనడా ప్రభుత్వం, అప్పట్లో ఈ నేల కూడా భాగంగా ఉన్న వాయవ్య ప్రాంతాల కోసం ఒక నీటిపారుదల చట్టం తెచ్చింది. దాని ప్రకారం నీళ్లు ప్రభుత్వానివి. వాడుకోవాలంటే లైసెన్సు కావాలి. ప్రతి లైసెన్సుకూ ఒక తేదీ ఉంటుంది. కరువొస్తే నీళ్లను అందరికీ సమానంగా పంచరు. పాత తేదీ ఉన్నవాడు తన వాటా పూర్తిగా తీసుకున్నాకే కొత్త తేదీ ఉన్నవాడికి వంతు. ఎవరు ముందొస్తే వాళ్లదే ముందు హక్కు. నేటికీ అల్బెర్టాలో నడుస్తున్నది ఆ సూత్రమే. పాత తేదీలున్న పెద్ద లైసెన్సులు ఎక్కువగా సేద్యపు కాలువల సంస్థల చేతుల్లో ఉన్నాయి. రైళ్లు వేసి, పొలాలకు కాలువలు తవ్వి జనాన్ని రప్పించిన కాలంలో ఇచ్చినవవి. 1990ల తర్వాత ఇంత వేగంగా పెరిగిన ఊరు ఆ వరసలో బాగా వెనక నిలబడక తప్పదు.

ఇది తెలిసే 1998లో ఓకోటోక్స్ 30,000 గీత గీసుకుంది. ఊరికే గీత గీసి ఊరుకోలేదు. నీటి మీటర్లు, తోటలకు నీళ్లు పెట్టడంపై నియమాలు, నీరు తక్కువ వాడే పరికరాలకు ప్రోత్సాహకాలు తెచ్చింది. మనిషికి అయ్యే నీటి వాడకాన్ని తగ్గించడంలో ప్రావిన్స్‌లో ముందువరసలో నిలిచింది. కెనడాలో పర్యావరణం గురించి మాట్లాడుకునేవాళ్లందరికీ ఈ చిన్న ఊరి పేరు తెలిసింది.

ఇంతలో 2006 ఆగస్టులో ప్రావిన్స్ ప్రభుత్వం బో, ఓల్డ్‌మన్, దక్షిణ సస్కాచెవాన్ నదీ పరీవాహకాల్లో కొత్త లైసెన్సులకు తలుపులు మూసేసింది. ఉన్న నీళ్లకంటే రాసిచ్చిన హక్కులే ఎక్కువయ్యే ప్రమాదం వచ్చింది మరి. అప్పటి నుంచి ఎవరికైనా అదనంగా నీళ్లు కావాలంటే, ఇప్పటికే లైసెన్సున్నవాళ్ల దగ్గర కొనుక్కోవాలి. ఆ బదిలీలో పది శాతం దాకా నది కోసం మినహాయించుకునే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. నీటి హక్కుకు ఎంత ధర పలుకుతుందో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. కాల్గరీకి ఉత్తరాన ఒక పెద్ద షాపింగ్ మాల్ వస్తుంటే, నీళ్ల కోసం అక్కడి రూరల్ మునిసిపాలిటీ ఒక సేద్యపు సంస్థ దగ్గర కోటిన్నర డాలర్లకు హక్కు కొనుక్కుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. 2012లో ఏం మారింది? నా దృష్టిలో రెండు. ఒకటి, గీత లోపల ఎంత పొదుపు చేసినా గీత బయట పెరుగుదల ఆగలేదు. ఓకోటోక్స్ ఆగితే జనం రావడం ఆగదు. వాళ్లు పక్కనున్న కౌంటీ (పల్లె ప్రాంతాలను పాలించే స్థానిక ప్రభుత్వం) భూముల్లోనో, ఇంకో ఊళ్లోనో ఇళ్లు కట్టుకుంటారు. వాళ్లు తాగేదీ ఈ పరీవాహకంలోని నీళ్లే, నడిపేదీ ఈ రోడ్ల మీదే. ఒక్క ఊరు తనను తాను కట్టడి చేసుకోవడం వల్ల మొత్తం నదికి ఒరిగింది తక్కువ. రెండోది డబ్బు. పెరుగుదల ఆగిన ఊళ్లో ఇళ్ల ధరలు చేతికందవు. ఆఫీసులు, ఫ్యాక్టరీలు అంతగా లేని ఊరు కాబట్టి రోడ్లకూ లైబ్రరీకీ అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం ఇళ్ల పన్ను మీదే పడుతుంది. అప్పటికి జనాభా గీతకు బాగా దగ్గరైంది. ఆగడమా, నీళ్లు బయటి నుంచి తెచ్చుకోవడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు కౌన్సిల్ రెండోదాన్ని ఎంచుకుంది. 2017లో చుట్టూ ఉన్న ఫుట్‌హిల్స్ కౌంటీ నుంచి దాదాపు 1,950 హెక్టార్ల భూమిని ఊళ్లో కలుపుకున్నారు.

ఇది ఓటమి అని రాసేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. ఆ పద్నాలుగేళ్లలో అలవాటైన పొదుపు ఇప్పటికీ ఊళ్లో ఉంది. అయితే ఒక చిన్న ఊరి నిగ్రహం మీద పరీవాహకం మొత్తం బరువు పెట్టడం కుదరదని కూడా అప్పుడే తేలింది.

డ్రేక్ ల్యాండింగ్ కథ కూడా ఇలాంటిదే. 2007లో ఓకోటోక్స్‌లో ఆ పేరుతో 52 ఇళ్ల కాలనీ ఒకటి మొదలైంది. ఇళ్ల వెనక గ్యారేజీల కప్పుల మీద 800 సౌర పలకలు అమర్చారు. ఇవి కరెంటు చేసేవి కావు, వేడిని పట్టేవి. వేసవంతా పట్టిన వేడిని, నేలలో సుమారు 35 మీటర్ల లోతుకు వేసిన 144 బోర్ల ద్వారా భూమిలోకే పంపి దాచేవారు. వేసవి చివరికి ఆ మట్టి 80 డిగ్రీల దాకా వేడెక్కేది. చలికాలంలో, బయట సున్నాకు ఇరవై ముప్పై డిగ్రీలు కిందున్నప్పుడు, అదే వేడిని తిరిగి ఇళ్లకు పంపేవారు. 2015-16 చలికాలంలో ఆ ఇళ్లను వెచ్చగా ఉంచడానికి కావాల్సిన వేడి మొత్తం సూర్యుడి నుంచే వచ్చింది. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లు చూడడానికి వచ్చారు. తర్వాత పరికరాలు పాతబడ్డాయి. విడిభాగాలు దొరకడం కష్టమైంది, మరమ్మతులు ఎక్కువయ్యాయి. 2024లో ఆ వ్యవస్థను మూసేసి ఇళ్లను గ్యాస్ హీటర్లకు మార్చారు. సూత్రం తప్పు కాలేదు. అలాంటి కాలనీలు ఇంకో వంద ఉండుంటే వాటికి విడిభాగాలు తయారుచేసేవాళ్లూ, మరమ్మతు చేసేవాళ్లూ ఉండేవారు. ఒంటరిగా మిగిలింది కాబట్టి ఆగిపోయింది.

నీళ్ల కోసం మొదట కాల్గరీ నుంచి పైపులైను వేయాలన్న ఆలోచన చాలాకాలం నడిచింది. తర్వాత ఓకోటోక్స్, ఫుట్‌హిల్స్ కౌంటీ కలిసి బో నది నుంచే నేరుగా నీళ్లు తెచ్చుకునే పథకం చేపట్టాయి. ఇద్దరు పొరుగువాళ్లు నీళ్ల దగ్గర కలిశారు. కాల్గరీ పైపు మీద ఆధారపడకపోవడంలో ఒక ధీమా ఉందని 2024 జూన్‌లో అందరికీ అర్థమైంది. ఆ నెలలో కాల్గరీలో ప్రధాన నీటి పైపు పగిలి, నగరంతో పాటు దాని నీళ్లు తాగే ఎయిర్‌డ్రీ, చెస్టర్‌మియర్ లాంటి ఊళ్లు కూడా వారాల తరబడి నీళ్లు ఆచితూచి వాడుకున్నాయి. అంతకు రెండు నెలల ముందే, కరువు భయంతో, ప్రావిన్స్ దక్షిణ భాగంలోని పెద్ద లైసెన్సుదారులు పాత తేదీల పట్టుదల పక్కన పెట్టి, అవసరమైతే నీళ్లు పంచుకుంటామని స్వచ్ఛందంగా ఒప్పందాలు చేసుకున్నారు.

బో నది నీళ్లు వచ్చినా షీప్ నదికి పని తగ్గదు. ఇళ్లలో వాడిన ఆ నీటిని శుద్ధి చేసి వదిలేది షీప్‌లోకే. అక్కడి నుంచి అది హైవుడ్‌లోకి, హైవుడ్ నుంచి మళ్లీ బో నదిలోకి వెళ్తుంది. దిగువన దాని కోసం ఇంకో ఊరు, ఇంకో కాలువ, వాటి తేదీలతో సహా, ఎదురుచూస్తుంటాయి.